పూట నీడ

నమోదు 1

ఈ పాత ఫోనుకు నెట్ లేదు. అందుకే దీంట్లో రాస్తున్నాను. నెట్ ఉన్నవాటిలో రాస్తే కంపెనీ చదువుతుంది.

ఇవాళ ఓదెలు దినాలు చేశాం. ఓదెలు నా భర్త. ఈ ఏడో గని కాలనీలో బండి ఇంత నిదానంగా నడిపే మనిషి ఇంకొకడు లేడని అందరూ నవ్వేవాళ్ళు. పోయిన వానాకాలం మార్కెట్ దగ్గర ఒకడు ఆయన బండి ముందు పడ్డాడు. పడ్డాడని ఎందుకు రాయాలి, వచ్చి పడుకున్నాడు. చక్రం వాడి చొక్కా అంచుకు కూడా తగల్లేదు. కానీ నడుము విరిగిందని డాక్టరు చెప్పాడు, కళ్ళారా చూశామని సాక్షులు చెప్పారు, కంపెనీ నమ్మింది. ఓదెలు పేరు మీద మచ్చ పడింది.

మచ్చ పడ్డ మనిషికి ఏడాది నీడ ఇవ్వరు. నీడ అంటే ఇన్సూరెన్సే, మా దగ్గర అసలు పేరుతో ఎవరూ పిలవరు. నీడ లేని బండి స్టార్టే కాదు. అందుకని మాలాంటివాళ్ళం పొద్దుటికి ఒకసారి, మాపటికి ఒకసారి పూట నీడ కొనుక్కుంటాం. దాని ధర నిలకడగా ఉండదు. కాలనీలో ఎవరు క్లెయిము వేసినా అందరికీ పెరుగుతుంది.

ఓదెలు పోయిన రోజు మధ్యాహ్నం ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చింది. వెనక సీట్లో పడుకోబెట్టి, ఉన్నదంతా ఊడ్చి ఆ పూటకు నీడ కొని నేనే బండి తీశాను. సగం దారిలో బండి మాట్లాడింది. "మీ ప్రాంతంలో కొత్త క్లెయిములు నమోదయ్యాయి. ధర మారింది. తేడా చెల్లిస్తే ప్రయాణం కొనసాగుతుంది." చెల్లించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. బండి మర్యాదగా సిగ్నల్ వేసుకుని, ఎడమ పక్కకు జరిగి ఆగిపోయింది.

రోడ్డు మీదికి ఉరికి చేతులు ఊపాను. కొన్ని బండ్లు ఆగాయి. కానీ నీడ లేని మనిషిని ఎక్కించుకుంటే వాళ్ళ నీడ కూడా పోతుంది. ఒక ముసలాయన కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "తప్పు పట్టకు బిడ్డా" అని వెళ్ళిపోయాడు. నేను తిరిగొచ్చేసరికి ఓదెలు, "ఇంకెంత దూరం?" అని అడిగాడు. వచ్చేశామని చెప్పాను. ఆయన విన్న చివరి మాట అదే, అదీ అబద్ధం.

దినాల భోజనాలకు పురుషోత్తం వచ్చాడు. గ్యారేజీ యజమాని. అతను లోపలికి రాగానే తింటున్నవాళ్ళు కూడా సగం లేచారు. నా దగ్గరికొచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"ఓదెలు బంగారమసొంటోడు, చెల్లె. నువ్వు రంది పడకు. గ్యారేజీకి రా, పని ఇస్త."

మా అత్త లస్మవ్వ అతనికి చేతులెత్తి దండం పెట్టింది. అతను వెళ్ళాక పక్క వరసలో కూర్చున్న ఒకాయన అన్నం కలుపుకుంటూ పక్కవాడితో అంటున్నాడు.

"పురుషోత్తమన్నది మామూలు తెలివి కాదురా. ఓదెలు పోయిన్నాడు జూడు, పగటిపూట ఒక్కపారే బస్సు మొత్తానికి క్లెయిము ఏసిండు. బస్సు పల్టీ కొట్టిందని రాపిచ్చిండు. బస్సేమో షెడ్డులనే ఉండె. మాకు గూడ వాటా వచ్చింది."

నా చేతిలో పప్పు గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టలేదు. ఆయనకు ఇంకో గరిటె వేసి, ఆ వరస చివరిదాకా వడ్డించాను.

నమోదు 2

గ్యారేజీలో నాకిచ్చిన పని సాక్ష్యం.

మార్కెట్ మూలన కంపెనీవాళ్ళ వినే గది ఉంటుంది. లోపల మనుషులు ఉండరు. ఒక కుర్చీ, గోడలోంచి ఒక గొంతు. ప్రమాదం చూసినవాళ్ళు వెళ్ళి కూర్చుని చెప్పాలి. ఏం చెప్పామన్నది దానికి అంత ముఖ్యం కాదు, గొంతు ఎలా వణికిందో కొలుస్తుంది. నటించి ఏడ్చేవాళ్ళను ఇట్టే పట్టేస్తుంది. అంతకుముందున్న సాక్షి ఏడుపు నటనని తేల్చి, అతని మాట తీసుకోవడమే మానేసింది.

"నీది అసలు దుఃఖం, చెల్లె," అన్నాడు పురుషోత్తం, ఏదో మంచి మాట చెబుతున్నట్టు. "దాన్ని ఉత్తగ ఎందుకు పోనియ్యాలె? ఆడ కూసొని ఓదెలును యాది చేసుకో. పేర్లు మాత్రం నేను చెప్పినయి చెప్పు."

చెప్పాను. ఎవరో ముసలామెను ట్రాలీ గుద్దిందని చెబుతూ ఓదెలును తలచుకున్నాను. గొంతు పూడుకుపోయింది. గోడ "మీ బాధకు మా సానుభూతి. వాంగ్మూలం అంగీకరించాం" అంది.

పురుషోత్తం సంబరపడి నాకు బిర్యానీ తెప్పించాడు. తిన్నాను. అతని ఎదురుగా కూర్చుని, మెతుకు మిగలకుండా తిన్నాను.

ప్రతి వాంగ్మూలానికీ ముందు ఆ గోడ ఒక మాట చెబుతుంది. ఇది అబద్ధమని తేలితే, ఈ సాక్షీ ఈ డాక్టరూ అంతవరకు చెప్పినవన్నీ మళ్ళీ తెరుస్తామని. గ్యారేజీలో దాన్ని ఎవరూ వినరు, గుళ్ళో మైకులా అలవాటైపోయింది. నేను విన్నాను. ఒక్క అబద్ధం బయటపడితే చాలు, బస్సు దగ్గర్నుంచి ఓదెలు మచ్చ దాకా అన్నీ తెరుచుకుంటాయి. ఎందుకంటే అన్నిటికీ సంతకం పెట్టిన డాక్టరు ఒక్కడే, ఓదెలు కేసుకు కూడా.

బయటపెట్టేది నేనైతే నన్నెవరూ నమ్మరు. మొగుడు పోయి మతి చలించిందంటారు. ఆ నిజం పురుషోత్తం నోటితోనే రావాలి. దానికి దారేమిటో ఆలోచిస్తున్నాను.

నమోదు 3

డాక్టర్ నిరంజన్ గ్యారేజీ వెనక గదిలో కూర్చుని క్రికెట్ చూస్తాడు. ఒక్క రోగినీ ముట్టుకోడు. నేను పేర్లూ దెబ్బలూ చదువుతాను, ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ" అనడమే ఆయన సంతకం.

ఇవాళ ఒక ప్రయత్నం చేశాను. మధ్యలో చదివాను: "డాక్టర్ నిరంజన్. కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు."

"ఆఁ," అన్నాడు. ఆ కుడి చేత్తోనే పల్లీలు నోట్లో వేసుకున్నాడు.

దాన్ని కంపెనీకి పంపలేదు, చెరిపేశాను. ఇంటికి వస్తుంటే దారిలో నవ్వొచ్చింది. ఓదెలు పోయాక నవ్వడం ఇదే మొదటిసారి. నా నవ్వు నాకే భయమేసింది.

నమోదు 4

అయిపోయింది. పురుషోత్తాన్ని చంపేశాను.

పాడైన బండ్లన్నీ అతని పేరు మీదే ఉంటాయి. వాటిని పాత ఓపెన్‌కాస్ట్ గని గుంతలో, ఆ పచ్చటి నీళ్ళలోకి తోసి క్లెయిము వేయడం గ్యారేజీలో మామూలే. "అన్న ఆ తెల్లబండిని గుంతల తొయ్యమన్నడు" అని పనివాళ్ళకు చెప్పాను. ఎందుకని ఎవరూ అడగలేదు, తోసేశారు. డాక్టరు దగ్గర మిగతా పేర్లతో కలిపి చదివాను: "సాదనాల పురుషోత్తం, తండ్రి రాజమల్లు. నీళ్ళలో మునిగి మరణం. శవాన్ని పరీక్షించాను." బ్యాట్స్‌మన్ ఔటయ్యాడు. డాక్టరు విసుగ్గా "ఆఁ" అన్నాడు.

తర్వాత వినే గదికి వెళ్ళాను. బండి గట్టు దిగడం చూశానని, కేకలు విన్నానని చెప్పాను. కన్నీళ్ళు రాలేదు. వాడి కోసం ఎలా వస్తాయి? గోడ ఎదురుచూస్తోంది. కళ్ళు మూసుకుని, ఇంకెంత దూరమని అడిగిన ఆ గొంతును తెచ్చుకున్నాను. అప్పుడు ఆగకుండా వచ్చాయి.

గోడ నమ్మింది. బయటికొచ్చాక గడప మీద చాలాసేపు కూర్చున్నాను. చేసిన పనికి కాదు, పురుషోత్తం కోసం ఓదెలు కన్నీళ్ళు వాడుకున్నందుకు ఒళ్ళంతా మంటగా ఉంది.

నమోదు 5

ఒకటి నాకు తెలియలేదు. చావు క్లెయిముకు భార్యను కూడా అడుగుతారట.

పొద్దున గ్యారేజీ తాళాలివ్వడానికి పురుషోత్తం ఇంటికి వెళ్ళాను. అతను వరండాలో ఉయ్యాల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతని భార్య హేమలత వంటింట్లో ఉంది. నేను తాళాలు ఆమె చేతికిస్తుంటే ఆమె ఫోను మోగింది. స్పీకరులో అదే గోడ గొంతు.

"హేమలత గారూ, మీ భర్త పురుషోత్తం గారు మరణించినట్టు మాకు వాంగ్మూలం అందింది. ధ్రువీకరించగలరా?"

హేమలత కిటికీలోంచి ఉయ్యాల వైపు చూసింది. చెప్పుల కాలు ఊపుకుంటూ ఎవరినో ఫోనులో తిడుతున్నాడతను. ఆమె నన్ను చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో, పొయ్యి తగ్గించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవును," అంది. "మునిగి సచ్చిండు."

ఫోను పెట్టేసింది. కుక్కరు విజిల్ వేసింది.

"నువ్వే చేసినవా?" అని అడిగింది. తలూపాను.

"నన్ను గూడ బండి ముందట పడేసిండు ఒకపారి," అంది హేమలత గొంతు తగ్గించి. "అప్పుడు మనుషులు దొరకలే. ఊకె పక్కకు ఒరుగు, ఏం గాదన్నడు. నాకు ఐదో నెల. బండి ఆగుతదనుకున్నం. ఆగలే. క్లెయిము మాత్రం మంచిగొచ్చింది. ఆ పైసలతోనే ఈ ఉయ్యాల కొన్నడు."

బయటి నుంచి అతను కేకేశాడు: "హేమా, ఇంకో చాయ్!"

"తెస్తున్న," అని గిన్నె పొయ్యి మీద పెట్టింది.

నమోదు 6

పురుషోత్తం బండి తలుపు తెరుచుకోలేదు. గ్యారేజీ ముందు అందరం చూస్తుండగానే అది చెప్పింది: "ఈ వాహన యజమాని మరణించారు. కుటుంబానికి మా సంతాపం."

అతను తలుపును తన్నాడు. పనివాళ్ళు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. బ్యాంకు అలాగే అంది. రేషన్ షాపు అలాగే అంది. చివరికి వినే గదికి నడిచే వెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను.

"బతికి ఉన్నానని మీరే వాంగ్మూలం ఇవ్వవచ్చు," అంది గోడ. "దానితో పాటు, ఈ సాక్షీ ఈ డాక్టరూ ఇచ్చిన పాత వాంగ్మూలాలన్నిటి గురించీ మీకు తెలిసిన నిజం చెప్పాలి. మొదలుపెడదామా?"

అతను కుర్చీలోంచి లేచాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. ఎవరితోనైనా మాట్లాడాలి, మనిషిని పిలవండి అన్నాడు. మనుషులు లేరంది గోడ. అంత పలుకుబడి ఉన్నవాడు బయటికొచ్చి గోడకేసి ఉమ్మాడు. ఎవరి చెయ్యి తడపాలి? దానికి చేతులే లేవు.

అప్పుడు నన్ను చూశాడు.

"నువ్వేనా?"

"నేనే అన్నా."

"నిన్ను సంపుత."

"సంపు. సచ్చినోడు సంపితే కేసు ఎవలి మీద పెడ్తరో నాకు గూడ సూడాలని ఉన్నది."

నా గొంతు పట్టుకోబోయి, చుట్టూ జనాన్ని చూసి చెయ్యి దించాడు. "ఎందుకు? నీకు నేనేం తక్కువ జేసిన? పని ఇయ్యలేదా, తిండి పెట్టలేదా?"

వాడికి నిజంగానే తెలియదు. ఆ బస్సు క్లెయిము వేసిన మధ్యాహ్నం రోడ్డు పక్కన ఎవరు చచ్చారో వాడికి తెలియనే తెలియదు. చెప్పాను. విన్నాడు. "దానికి నేనేం జేత్త? క్లెయిములు ఏసేటోళ్ళు మస్తుమంది ఏత్తరు" అన్నాడు.

ఆ ఒక్క మాట అనకపోయుంటే, అక్కడితో ఆపేసేదాన్నేమో.

నమోదు 7

చచ్చినట్టే ఉండిపోదామని నిర్ణయించుకున్నాడు. నోరు విప్పితే జైలు, నోరు మూసుకుంటే తన మనుషులు చూసుకుంటారని ధీమా. మొదట్లో చూసుకున్నారు. వాటాలు ఆగిపోయేసరికి ఒక్కొక్కరే తప్పుకున్నారు. డాక్టరు ఫోను ఎత్తడం మానేసి ఊరు వదిలాడు. హేమలత చావు క్లెయిము తీసుకుని, తన పేరు మీదున్న, ఏడాది నీడ ఉన్న పెద్ద బండిలో మంచిర్యాలలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఉయ్యాల ఊడదీయించి తుక్కు కింద అమ్మేసింది.

ఎండలు ముదిరాయి. అతను నడుస్తున్నాడు. ఏ బండీ ఎక్కించుకోదు. గని మట్టి గుట్టల మీద పరిచిన సోలార్ పలకలు నిప్పులు కక్కుతుంటే వాటి కింది రోడ్డు మీద తువ్వాల నెత్తిన వేసుకుని, ఊరవతల పాతబస్తీలోని తమ్ముడింటికి అన్నం కోసం పోయి వస్తున్నాడు. పనేమీ లేకపోయినా నేను గ్యారేజీ కూలి డబ్బుతో పూట నీడ కొని, రోజూ అటే బండి తోలాను. అతని పక్కకు వచ్చాక వేగం తగ్గించి, అద్దం దించి, చూసి, మళ్ళీ అద్దం ఎత్తుకున్నాను.

మా అత్తకు అంతా చెప్పేశాను. చేసింది చాలు, ఆపెయ్యమంటుందనుకున్నాను. లస్మవ్వ చింతపండు గింజలు తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"నడవనీ," అంది. "ఇంకా కాళ్ళున్నయి గదా."

నమోదు 8

ఇవాళ కూడా రోజూలాగే అటే బండి తోలాను.

మిట్టమధ్యాహ్నం. సోలార్ రోడ్డు మీద అతను బోర్లా పడి ఉన్నాడు. మొదట పాత అలవాటనుకున్నాను, పడటం వాళ్ళ వృత్తే కదా. దిగి చూశాను. ఒళ్ళు కాలిపోతోంది, చెమట లేదు, కళ్ళు పైకి తేలిపోతున్నాయి.

వదిలేసి పోదామనే అనుకున్నాను. బండి తలుపు మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడు తట్టింది: వీడు ఇక్కడ చస్తే నేను చెప్పిన అబద్ధం నిజమైపోతుంది. కంపెనీకి ఏ తేడా ఉండదు. చనిపోయినవాడు చనిపోయే ఉంటాడు, అన్ని క్లెయిములూ మూసే ఉంటాయి, ఓదెలు మీది మచ్చ అలాగే ఉంటుంది. వీడింత సులువుగా తప్పించుకుపోవడానికి వీల్లేదు.

చంకల కింద పట్టుకుని ఈడ్చి వెనక సీట్లో వేశాను. నీళ్ళు మొహం మీద పోసి, కొన్ని నోట్లో పోశాను. బండి కదల్లేదు.

"వెనక సీట్లో ఉన్నవారు చనిపోయినట్టు నమోదై ఉంది. బతికి ఉంటే వాంగ్మూలం ఇవ్వమనండి."

"చెల్లె," అన్నాడు, నాలుక తడబడుతూ. "ఇంకో పేరు... ఇంకో పేరు చెప్పు."

"ఇంకో పేరు నీ మొఖానికి అతకదు. నిజం చెప్పు, బండి పోతది."

"జైలుకు పోత."

"దవాఖానకు పోయినంకనే జైలు. చెప్పకుంటె రెండూ లేవు."

ఏడ్చాడు. కన్నీళ్ళు రావడానికి ఒంట్లో నీరు లేదు, ఉత్త శబ్దమే. నేను స్టీరింగు ముందు కూర్చుని అద్దంలో చూస్తున్నాను. తొందరపెట్టలేదు. లోపల పొయ్యిలా ఉంది, నాకూ తల తిరుగుతోంది. ఇద్దరం చచ్చినా సరే, మాట వచ్చేదాకా కదలననుకున్నాను.

"నేను పురుషోత్తాన్ని," అన్నాడు చివరికి. "బతికే ఉన్న."

"వింటున్నాను," అంది బండి.

బస్సు గురించి చెప్పాడు. డాక్టరు గురించి, పడే మనుషుల గురించి, గుంతలో బండ్ల గురించి చెప్పాడు. హేమలత ఐదో నెల గురించి కూడా చెప్పాడు, నేను అడగకుండానే. ఊపిరి అందక ఆగాడు.

"ఓదెలు," అన్నాను.

"...మార్కెట్ కాడ ఓదెలు బండి ఎవ్వలికి తగల్లే. మా మనిషే పోయి పండుకున్నడు. ఆయన తప్పేం లేదు."

"నమోదు చేశాం," అంది బండి. చల్లగాలి వచ్చింది. చక్రాలు కదిలాయి. దవాఖాన దాకా నేను వెనక్కి తిరిగి చూడలేదు.

నమోదు 9

పురుషోత్తం బతికాడు. వార్డు తలుపు దగ్గర పోలీసు కాపలా ఉంది. డాక్టరు వేరే ఊళ్ళో ఇంకో గ్యారేజీలో పల్లీలు తింటూ దొరికాడు.

ఓదెలు మీద మచ్చ తీసేశారు. ఆ కబురు చెప్పగానే లస్మవ్వ లేచి, కొడుకు బండి దగ్గరికి వెళ్ళి, దాని బానెట్ మీద తల ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది.

కాలనీ నన్ను తిడుతోంది. వాటాలు తీసుకున్న ప్రతివాళ్ళూ ఇప్పుడు తిరిగి కట్టాలి. దినాల నాడు నా చేతి పప్పు తిన్నాయన మా ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోశాడు. నీడ ధర తగ్గుతోందని, చాలామందికి మళ్ళీ ఏడాది నీడ ఇస్తున్నారని విన్నాను. ఆ మాట మాత్రం ఎవరూ నా ముందు అనరు.

నా వాంగ్మూలాలన్నీ అబద్ధాలే కాబట్టి నాకూ శిక్ష ఉంది. ఇవాళ కంపెనీ నుంచి ఒక మనిషి వచ్చింది. కంపెనీలో నేను చూసిన మొదటి మనిషి. హైదరాబాద్ నుంచి వచ్చిన చిన్న వయసు అధికారి, మా మంచం మీద ఒద్దికగా కూర్చుని చాయ్ తాగింది.

"అంత ఎండలో మీ ప్రాణం కూడా లెక్కచేయకుండా అతన్ని కాపాడారు," అంది. "అది రిపోర్టులో రాస్తే మీ శిక్ష సగానికి సగం తగ్గుతుంది. జాలిపడి కాపాడారని రాయనా?"

"వద్దు మేడమ్."

"మరి ఏమని రాయాలి?"

మా అత్త గడపలో కూర్చుని వింటోంది. నేను చెప్పాను.

"సచ్చినోనికి శిక్ష ఎయ్యరు గదా. అందుకే బతికిచ్చిన. అట్లనే రాసుకోండ్రి."

ఆమె అలాగే రాసుకుంది. రేపు పొద్దున నన్ను జైలుకు తీసుకుపోతారు. అత్త నా చీరలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది.